చలికాలం పొద్దుగాల మెయిన్ రోడ్డు పక్క నడక – షుగర్, బీపీ, నడుము కొవ్వు కలిసి ఉన్నోళ్ల గుండె మీద ట్రాఫిక్ పొగ ఏం చేస్తది?

నడక_బృందం_హన్మకొండ (ప్రశ్న)

మా వాకర్స్ గ్రూపుల ఇరవై మంది దాకా ఉన్నరు. వయసు 45 నుంచి 68. సగం మందికి పైగా మెటబాలిక్ సిండ్రోమ్ అని డాక్టర్లు రాసిన్రు. ఇద్దరికి స్టెంట్లు పడ్డయి. కాజీపేట – హన్మకొండ మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పొద్దుగాల 5.45 నుంచి 6.45 దాకా నడక. డిసెంబరు, జనవరిల ఆ టైముకు ఆటోలు, ఆర్టీసీ బస్సులు, ఇసుక లారీలు తిరుగుతుంటయి. పొగ కిందనే పరుచుకొని ఉంటది.

కొత్త రూల్ పెట్టుకుందామని అనుకుంటున్నం. తెలిసినోళ్లు చెప్పాలె:

1. గుండె మీద నిజంగ ప్రభావం ఉంటదా, లేక దగ్గు, దమ్ము వరకేనా? మామూలు మనిషికీ మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నోళ్లకూ తేడా ఎందుకు?
2. ఒక యాప్‌ల ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 100 అంటే ఇంకోదాంట్ల 150 అంటది. ఏది నమ్మాలె?
3. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి మారితే ఫరక్ ఉంటదా? బండి మీద పోవాల్సి వస్తది.
4. మాస్కు పెట్టుకొని నడవచ్చా?
5. కొందరు చలికాలం నడకనే బంద్ చేద్దామంటున్రు. కరెక్టేనా?

గుండె_లయ

ముందు ఎవరు ఈ లెక్కలోకి వస్తారో ఖచ్చితంగా చూసుకోండి. రిపోర్టులో ఆ పేరు రాయనివాళ్లలో కూడా చాలామంది వస్తారు. 2009లో అంతర్జాతీయ సంఘాలు కలిసి ఒప్పుకున్న కొలతల ప్రకారం ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమే: నడుము చుట్టుకొలత మనవాళ్లలో మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80 సెం.మీ. లేదా ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఎక్కువ, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మగవాళ్లకి 40 కంటే, ఆడవాళ్లకి 50 కంటే తక్కువ, బీపీ పై అంకె 130 లేదా కింది అంకె 85, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ. మందు వేసుకుంటూ బీపీ 120కి వచ్చినా ఆ గుర్తు ఉన్నట్టే లెక్క. నడుము కొలిచేటప్పుడు ప్యాంటు సైజు చెప్పకండి. బెల్టు పొట్ట కిందికి జారి ఉంటుంది కాబట్టి 34 అంగుళాలని చెప్పేవాళ్ల అసలు నడుము 38 ఉండొచ్చు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపు పెట్టాలి.

ఇక గుండె సంగతి. పొగ గుండెని చేరే దారులు మూడు. వాటి వేగాలు వేరు.

మొదటిది నరాల దారి. వేగస్ నరం గుండెకి పగ్గం లాంటిది. పగ్గం బిగువుగా ఉన్నంతసేపు గుండె నిదానంగా, ఊపిరి లయకి తగ్గట్టు కొంచెం వేగం మార్చుకుంటూ కొట్టుకుంటుంది. పొగలోని కణాలు, వాయువులు శ్వాసనాళాల్లోని నరాల కొసలని గిల్లగానే ఆ పగ్గం సడలుతుంది, ఆదుర్దా పెంచే సింపథెటిక్ వైపు పైచేయి అవుతుంది. ఇది నిమిషాల నుంచి గంటల్లో జరిగే పని. బయటికి కనిపించే గుర్తు హార్ట్ రేట్ వేరియబిలిటీ (హెచ్ఆర్వీ), అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య సమయంలో ఉండే సహజమైన హెచ్చుతగ్గు, తగ్గడం. దగ్గు, తుమ్ము లేకుండానే ఇదంతా జరిగిపోతుంది. మీరు అడిగిన "దగ్గు, దమ్ము వరకేనా" అన్నదానికి జవాబు ఇదే.

రెండోది రక్తనాళాల లోపలి పొర. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచుతుంది. డీజిల్ పొగ పీల్చిన కొన్ని గంటల్లో ఆ సత్తువ తగ్గుతుంది. నాళం బిగుసుకుంటుంది, బీపీ కొద్దిగా పెరుగుతుంది, చిన్న గడ్డల్ని కరిగించే టీపీఏ అనే పదార్థం విడుదలవడం తగ్గుతుంది.

మూడోది వాపు దారి. ఊపిరితిత్తుల్లో మొదలైన చిరాకు రక్తంలోకి పాకి సీఆర్పీ (వాపుని చూపించే ప్రొటీన్), ఫైబ్రినోజన్ (గడ్డకట్టించే ప్రొటీన్) లాంటివి పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే సోమవారం పీల్చిన పొగ బాకీ బుధవారం దాకా ఉంటుంది.

మెటబాలిక్ సిండ్రోమ్‌లో తేడా ఎక్కడంటే, ఈ మూడు దారుల్లోనూ ఆ మనిషి సగం దూరం ముందే నడిచేసి ఉంటాడు. పొట్ట కొవ్వు రోజంతా వాపు పదార్థాలు వదులుతూ ఉంటుంది. ఇన్సులిన్ పనిచేయకపోవడం వల్ల నాళాల పొర ముందే అరిగి ఉంటుంది. వేగస్ పగ్గం ముందే వదులు. అదే పొగ ఆరోగ్యవంతుడికి మోయగలిగిన బరువు, ఇతనికి ఆఖరి మూట.

ఇది ఊహ కాదు. అమెరికాలో 45–84 ఏళ్ల వయసున్న అయిదు వేల మందికి పైగా మనుషుల ఈసీజీలని పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్క ఉంది. రెండు రోజుల సగటు పీఎం 2.5 (గాలిలోని 2.5 మైక్రాన్ల కంటే చిన్న ధూళి కణాలు) ఘనపు మీటరుకి సుమారు 10 మైక్రోగ్రాములు పెరిగితే, మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఆర్ఎంఎస్ఎస్‌డీ అనే హెచ్ఆర్వీ కొలత ఆరు శాతం పైచిలుకు తగ్గింది. లేనివాళ్లలో దాదాపు మార్పే లేదు. అక్కడి పర్యావరణ సంస్థ ఇపిఎ వాళ్లు మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లని ఒక గదిలో రెండు గంటలు కూర్చోబెట్టి, బయటి గాలిలోని అతిసూక్ష్మ కణాల్ని చిక్కగా చేసి పీల్పించారు. సీఆర్పీ పెరిగింది. జీఎస్‌టీఎం1 అనే జన్యువు లేనివాళ్లలో ఈసీజీ మార్పులు కూడా కనిపించాయి. ఆ జన్యువు విషపదార్థాల్ని శుభ్రం చేసే పని చూస్తుంది. అది లేకపోవడం అరుదేమీ కాదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో గుండెపోటు వచ్చి బతికినవాళ్లని అడిగి రాసిన 2004 నాటి అధ్యయనంలో, ట్రాఫిక్‌లో గడిపిన తర్వాతి గంటలో గుండెపోటు అవకాశం సుమారు మూడు రెట్లు తేలింది. అందులో పొగతో పాటు రొద, ఒత్తిడి కూడా కలిసి ఉన్నాయి, కాబట్టి మొత్తం నేరం పొగ మీదే వేయకూడదు.

మీ టైము గురించి ఒక మాట. బీపీ, గుండె వేగం సహజంగా ఎగబాకేది నిద్ర లేచిన మొదటి రెండు మూడు గంటల్లో. చలికి నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. రాత్రి వేసుకున్న బీపీ మాత్ర బలం అప్పటికి తగ్గుముఖంలో ఉండొచ్చు, పొద్దుటి మాత్ర ఇంకా పడి ఉండదు. వీటి మీద పొగ. డిసెంబరులో 5.45 అంటే అన్నీ కలిసే గడియ ఏరికోరి పెట్టుకున్నట్టుంది.

ధూళి_లెక్క

2, 3 ప్రశ్నలు నావి.

యాప్‌లు రెండూ అబద్ధం చెప్పడం లేదు, స్కేళ్లు వేరు. పీఎం 2.5 ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు సూచీలో అది సరిగ్గా 100, "సంతృప్తికరం" పెట్టె చివరి గడి. అదే 60ని అమెరికా స్కేల్లో వేస్తే 150 దాటుతుంది, "అనారోగ్యకరం". కాబట్టి ఏక్యూఐ అంకె వదిలేసి, యాప్ లోపలికి వెళ్లి పీఎం 2.5 మైక్రోగ్రాములు చూడండి. పోల్చుకోవడానికి: మన 24 గంటల ప్రమాణం 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టినది 15.

ఇంకో చిక్కు. మన సూచీలో పీఎంకి 24 గంటల సగటు తీసుకుంటారు. పొద్దున 6 గంటలకి గాలి 140 ఉండి, మధ్యాహ్నం 3కి 35 ఉంటే, సగటు అంకె చూసి మీరు బయల్దేరడం పోస్టుమార్టం రిపోర్టు చూసి మందు వేసుకున్నట్టే. గంట గంట గ్రాఫ్ ఇచ్చే యాప్ అయితేనే పనికొస్తుంది.

చలికాలం పొద్దున ఎందుకు ఎక్కువంటే, రాత్రి నేల చల్లబడి కింది గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. పైన మూత పెట్టినట్టు. రాత్రి తిరిగిన లారీల పొగ, ఊరి బయట తగలబెట్టిన వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టెల పొగ ఆ మూత కింద అలాగే నిలబడుతుంది. ఎండ నేలని కాస్త వేడి చేసి ఆ మూత లేచేసరికి మామూలుగా 9, 9.30 అవుతుంది. మంచు దట్టంగా ఉన్న రోజు ఇంకా లేటు. అన్నిటికంటే శుభ్రమైన గాలి దొరికేది మధ్యాహ్నం 2 నుంచి 4.30 మధ్య. మళ్లీ 6 దాటాక పెరగడం మొదలు. మార్చి చివరి నుంచి కథ మారుతుంది: సూర్యుడు తొందరగా లేస్తాడు, మూత తొందరగా తెగుతుంది, పైగా 42 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం నడవమని ఎవరూ చెప్పరు. కాబట్టి ఎండాకాలం పొద్దున్నే సరైన టైము. ఏడాది పొడుగునా ఒకే గంట అని రూల్ పెట్టుకోకండి.

కట్ట మీదికి మారడం గురించి. 2002లో లాస్ ఏంజెలెస్ హైవే పక్కన కొలిచినప్పుడు, ఇంజన్ నుంచి వచ్చే అతిసూక్ష్మ కణాల సంఖ్య రోడ్డు నుంచి 300 మీటర్ల దూరానికి చుట్టుపక్కల గాలి స్థాయికి పడిపోయింది. కానీ అది పగటి కొలత. తర్వాత అదే ప్రాంతంలో సూర్యోదయానికి ముందు కొలిస్తే ఆ పొగ గాలివాలున కిలోమీటరు దాటి విస్తరించి ఉంది. అంటే 5.45కి చెరువు కట్ట మీదికి పోయినా మీరు ఆశించినంత లాభం రాదు. 9 గంటల తర్వాత అయితే రోడ్డుకి 200–300 మీటర్ల లోపలి గల్లీ కూడా చాలు. రెంటిలో ఒకటే మార్చగలమంటే టైము మార్చండి.

బండి మీద పోయే పది నిమిషాల్నీ లెక్కలో వేసుకోవాలి. ఆటో వెనకాల ముక్కు పెట్టి సిగ్నల్ దగ్గర నిలబడితే నడకలో మిగుల్చుకున్నది అక్కడే పోతుంది. లోపలి రోడ్లు పట్టండి, బస్సు, లారీ వెనక బండి పొడవు మూడు నాలుగింతలు ఎడం ఉంచండి. కారైతే అద్దాలు మూసి, ఏసీని లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెట్టండి. ముగ్గురు నలుగురు ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు బయటి గాలి వదలాలి, లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా ఉంటుంది.

మీ గ్రూపే కొలుచుకోవాలనుకుంటే పీఎం 2.5 కొలిచే చిన్న లేజర్ మీటర్లు ఒకే మోడల్‌వి రెండు తీసుకోండి. మొదట ఒక గంట రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి ఇంకోదానికంటే ఎంత శాతం ఎక్కువ చూపిస్తుందో రాసుకోండి. ఆ తర్వాత ఒకటి రోడ్డు మీద, ఒకటి కట్ట మీద, నిమిషానికో రీడింగ్. స్విచ్ వేశాక మొదటి నిమిషం రీడింగ్ వదిలేయండి. ఆ మీటర్లతో వచ్చే ఇబ్బందులు రెండు. గాలిలో తేమ 85 శాతం దాటితే నీటి తుంపరనే ధూళి అని లెక్కపెట్టి రెట్టింపు చూపించగలవు. మంచు పొద్దుల్లో చెరువు గట్టు మీద సరిగ్గా ఇదే జరుగుతుంది, "కట్ట మీదే ఎక్కువ పొల్యూషన్" అని తేల్చేస్తారు. రెండోది, 0.3 మైక్రాన్ల కంటే చిన్న కణాలు లేజర్‌కి కనిపించవు. డీజిల్ పొగలో సంఖ్యలో ఎక్కువ ఉండేవి అవే. కాబట్టి రోడ్డు పక్కన మీటరు చూపించే అంకె అసలు ముప్పుని తక్కువ చేసి చెప్తుంది.

నిమ్మళంగ_నడువు

5వ ప్రశ్నకు సూటిగా: బంద్ చేయొద్దు.

2016ల ఒక లెక్క వేసిన్రు. సగటు పీఎం 2.5 ఏడాదికి 100 ఉన్న ఊర్ల కూడా రోజుకు గంటన్నర సైకిల్ తొక్కినంక గాని, పది గంటలకు పైగా నడిచినంక గాని పొగ నష్టం వ్యాయామం లాభాన్ని దాటదు. వరంగల్ గాలి ఏడాది సగటున అంత ఘోరం కాదు. గంట నడక ఆపేసి ఇంట్ల సోఫా మీద కూసుంటే షుగర్, బీపీ, నడుము మూడూ పెరుగుతయి, అంటే పొగకు ఇంకా లొంగే ఒళ్లు తయారైతది.

గుండె_లయ

పై లెక్క నిజమే, కానీ అది మొత్తం జనాభా మీద, ఏళ్ల తరబడి మరణాల మీద వేసిన లెక్క. స్టెంటు పడ్డ మనిషికి జనవరి పొద్దున ఆరు గంటలకి రాబోయే గంటలో ఏమవుతుందో అది చెప్పదు. లండన్‌లో అరవై దాటినవాళ్లని, అందులో కొందరు గుండె జబ్బు, కొందరు సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లు, డీజిల్ బస్సులు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండు గంటలు, ఇంకో రోజు హైడ్ పార్కులో రెండు గంటలు నడిపించారు. 2018లో ప్రకటించారు. పార్కు నడక తర్వాత రక్తనాళాలు మెత్తబడ్డాయి, ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది. రోడ్డు మీద ఆ లాభం చాలావరకు మాయమైంది. నడక ఆపమని ఇక్కడ అర్థం కాదు. నడిచిన కష్టం దక్కాలంటే చోటు, గంట మార్చాలి.

ధూళి_లెక్క

ఒక చిన్న లెక్క, చర్చ కోసం. చురుగ్గా నడిచేటప్పుడు నిమిషానికి సుమారు 25 లీటర్ల గాలి లోపలికి వెళ్తుందనుకుందాం. 40 నిమిషాలకి ఒక ఘనపు మీటరు. గాలిలో 120 ఉంటే 120 మైక్రోగ్రాములు లోపలికి, 9.30కి 60 ఉంటే 60. మిగతా 23 గంటలు నిమిషానికి 8 లీటర్ల చొప్పున 11 ఘనపు మీటర్లు. ఇంట్లో 50 ఉందనుకుంటే 550. బరువు చూస్తే ఇంటి గాలిదే పెద్ద వాటా! కిటికీలు రోడ్డు వైపు తెరిచి, అగరొత్తులు, పోపు పొగ, రాత్రి దోమల కాయిల్ పెట్టుకొని, పొద్దుటి నడకని మాత్రమే తిట్టడం సరికాదు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకి సమానమైన పీఎం 2.5 వస్తుందని 2003లో కొలిచారు. కాయిల్ తీసేసి దోమతెర కట్టండి. ఈ థ్రెడ్‌లో ఇంతకంటే చవకైన సలహా లేదు.

గుండె_లయ

బరువు లెక్క ఒప్పుకుంటాను, కాయిల్ మాట వందశాతం. కానీ నరాల దారి రోజు మొత్తం బరువు చూసి స్పందించదు, ఆ గంటలో ఎంత చిక్కగా తగిలిందో చూసి స్పందిస్తుంది. అందుకే 550 నిదానంగా పీల్చడం, 120 నలభై నిమిషాల్లో వేగమైన శ్వాసతో పీల్చడం గుండెకి ఒకటి కాదు. రెండూ తగ్గించుకోవాల్సినవే.

నడక_బృందం_హన్మకొండ

మంచిగ అర్థమైంది సార్. మావోళ్లల్ల నలుగురు స్మార్ట్ వాచీలు పెట్టుకుంటరు. రోడ్డు మీద నడిచిన రోజు హెచ్ఆర్వీ 22, కట్ట మీద నడిచిన రోజు 31 అని చూపిస్తున్రు. పొగ ప్రభావం పట్టుకున్నట్టేనా? అందరికీ వాచీలు కొనిపించి నెలరోజులు రాద్దామా?

ఆర్ఆర్_ఇంటర్వల్

పట్టుకోలేదు. కొనిపించొద్దు కూడా.

వాచీ అంకెలో పొగ కంటే బలమైనవి చాలా కలిసి ఉంటాయి. ముందు రాత్రి సరిగా నిద్ర లేకపోతే, ఒక పెగ్గు వేస్తే, రాత్రి పదింటికి బిర్యానీ తింటే ఆర్ఎంఎస్ఎస్‌డీ పడిపోతుంది. ఒకే మనిషికి రోజుకీ రోజుకీ ఇరవై ముప్పై శాతం ఊగడం మామూలు. మనం వెతికేది ఐదారు శాతం. నలుగురితో, నెలరోజుల్లో అది బయటపడదు. పైగా నడక ఆపిన వెంటనే తీసిన రీడింగ్‌లో వ్యాయామం వల్లనే హెచ్ఆర్వీ పడిపోయి ఉంటుంది. తేరుకోవడానికి అరగంట, గంట పడుతుంది. రోడ్డు మీద జోరుగా, కట్ట మీద కబుర్లాడుతూ నడిచి ఉంటే మీకు కనిపించిన 22, 31 ఆ తేడానే.

ఇంకో సంగతి: వాచీలన్నీ ఒకే కొలత ఇవ్వవు. యాపిల్ వాచ్ ఎస్‌డీఎన్ఎన్ అనే వేరే హెచ్ఆర్వీ కొలత చూపిస్తుంది, చాలా కంపెనీలు రాత్రి నిద్రలోని ఆర్ఎంఎస్ఎస్‌డీ చూపిస్తాయి. ఒకరి అంకెని ఇంకొకరి అంకెతో పోల్చడం అంటే కిలోలతో లీటర్లని పోల్చడం. మణికట్టు మీద వెలుతురుతో కొలిచే పద్ధతి చెయ్యి కదిలితే తప్పుతుంది. ఛాతీకి కట్టే బెల్టు నయం.

ఎవరైనా కాలేజీ పిల్లలు ప్రాజెక్టుగా చేయాలనుకుంటే మాత్రం పద్ధతి ఇది. అదే మనిషి రెండు దారుల్లోనూ నడవాలి. సగం మంది ముందు రోడ్డు, సగం మంది ముందు కట్ట. మధ్యలో కనీసం వారం ఎడం. ఒకే గంట, ఒకే వేగం. రెండు గంటల ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ లేవు. నడకకి ముందు ఐదు నిమిషాలు పడుకొని, ఆ తర్వాత ఐదు నిమిషాలు రికార్డు. నడక అయ్యాక గంట ఆగి మళ్లీ అదే. ముందు దెబ్బతో పోలిస్తే 20 శాతం కంటే ఎక్కువ తేడా ఉన్న దెబ్బల్ని తీసేయాలి. అలా తీసేసినవి 5 శాతం దాటితే ఆ రికార్డింగే పారేయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్లకి హెచ్ఆర్వీ అర్థం లేని అంకె. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) వాడేవాళ్లని వేరే గుంపుగా చూడాలి. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని హెచ్ఆర్వీ ముందే నేలమట్టం అయి ఉండొచ్చు. పొగలో నడిచినా అంకె కదలదు. కదల్లేదు కాబట్టి వాళ్లకి ఏమీ కాదనుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు లేదు, వాళ్లే అందరికంటే ప్రమాదంలో ఉన్నవాళ్లు.

మీ గ్రూపుకి పనికొచ్చే కొలత ఇంటి బీపీ. చేతికి కట్టే కఫ్ మిషన్, ఐదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం ఎడంతో రెండు రీడింగులు, పొద్దున, సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు. 135/85 దాటితే డాక్టర్‌కి చూపించాలి. టైము మార్చక ముందు ఒక వారం, మార్చిన నెల తర్వాత ఒక వారం. వాచీ డబ్బులతో ఇలాంటి మిషన్లు రెండు మూడు వస్తాయి.

మందుల_చీటీ

మాస్కు గురించి ఎవరూ చెప్పలేదు. బీజింగ్‌లో గుండె జబ్బు ఉన్న 98 మందిని మాస్కుతో ఒక రోజు, లేకుండా ఒక రోజు రెండు గంటలు ఊళ్లో నడిపించి చూశారు. మాస్కు పెట్టిన రోజు సగటు ధమని పీడనం (పై, కింది అంకెలు కలిపి లెక్కించే బీపీ) 96 నుంచి 93కి తగ్గింది, ఈసీజీలో గుండెకి రక్తం చాలడం లేదని చెప్పే ఎస్‌టీ మార్పు తగ్గింది, హెచ్ఆర్వీ మెరుగైంది. కాబట్టి పనిచేస్తుంది, కానీ సరైనదైతేనే. దస్తీ, స్కార్ఫ్, నీలం సర్జికల్ మాస్కు పక్కల నుంచి గాలి లాగుతాయి. ఎన్95 గానీ, ఐఎస్ 9473 (మన దేశపు ప్రమాణం) గుర్తు ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ తీసుకోండి. చెవులకి తగిలించేవాటి కంటే తల వెనక రెండు పట్టీలు ఉన్నవి మేలు. ముక్కు దగ్గర తీగ నొక్కి, రెండు చేతులతో కప్పి గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే అంచు కూర్చోదు. తడిసినా, పట్టీ వదులైనా మార్చేయాలి. అయితే ఎన్95 నైట్రోజన్ డయాక్సైడ్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. మాస్కుతో ఆయాసం వస్తే వేగం తగ్గించండి, అప్పటికీ తగ్గకపోతే నడక ఆపి, రోడ్డు నుంచి లోపలికి వెళ్లి మాస్కు తీసేయండి.

టైము 9.30కి మారిస్తే మందులతో ఒక జాగ్రత్త. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకొని, టిఫిన్ తక్కువ తిని, గంట నడిస్తే షుగర్ పడిపోవచ్చు. టిఫిన్ అయిన 45 నిమిషాల తర్వాత మొదలుపెట్టండి, జేబులో నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి పొట్లం ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు నడకకి ముందు తొడకి వేసుకోవద్దు, పొట్టకి వేసుకోండి. బీటా బ్లాకర్ వాడేవాళ్లకి గుండె వేగం టార్గెట్ పనికిరాదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం.

ఎనుమాముల_గేటు

ఇంకోటి జర చూసుకోండ్రి. మున్సిపల్ ఊడ్చే టైము కూడా తెల్లారి 5 నుంచి 7 మధ్యనే. పొడి చీపురుతోని ఊడ్చితే లేసే దుమ్ము, మూలకు నూకి ఆకులు, ప్లాస్టిక్ తగలబెట్టే పొగ, మీ నడక అంతా ఒక్క గంటకే. కార్పొరేటర్‌ను కలిసి మీ నడక దారి రాత్రి ఊడ్పించుమనండ్రి, లేకుంటే నీళ్లు చల్లి ఊడ్వుమనండ్రి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ వైపు రోడ్లు తెల్లారంగనే లారీలతోని నిండిపోతయి. ఆ దిక్కు గ్రూపులు ఉంటే ఆ మూడు నెలలు లోపలి కాలనీలే నయం.

గుండె_లయ

స్టెంట్లు ఉన్న ఇద్దరికి, ఛాతీ నొప్పి మందు నాలుక కింద పెట్టుకునేవాళ్లకి, గుండె పంపింగ్ తక్కువని చెప్పినవాళ్లకి డిసెంబరు, జనవరి పొద్దుల్లో మెయిన్ రోడ్డు వద్దే వద్దు. మిగతావాళ్లు కూడా నడకలో ఛాతీ బిగుతు, దవడ లేదా ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట వస్తే అక్కడే కూర్చోవాలి, 108కి ఫోన్ చేయాలి. బండి మీద వెనక కూర్చోబెట్టుకొని పోకండి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి రాకుండా ఉత్త ఆయాసం, నీరసం, పైకడుపు మంట మాత్రమే రావొచ్చు. "గ్యాస్" అని సోడా తాగించి ఇంటికి పంపకండి, ఈసీజీ తీయించండి.

నడక_బృందం_హన్మకొండ

9.30 అంటే రిటైరైనోళ్లకు ఓకే. దుకాణం నడిపేటోళ్లు ఆరుగురున్నరు, ఎనిమిదికి షటర్ ఎత్తాలె, రాత్రి తొమ్మిది దాకా తీరిక ఉండదు. వాళ్లు ఏం చెయ్యాలె?

మందుల_చీటీ

గంట నడక ఒకేసారి ఉండాలని లేదు. న్యూజిలాండ్‌లో షుగర్ ఉన్నవాళ్లతో చేసి 2016లో ప్రకటించినదాంట్లో, రోజుకి ఏదో ఒక టైములో ముప్పై నిమిషాలు నడిచినవాళ్ల కంటే మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిచినప్పుడు తిన్న తర్వాతి షుగర్ 12 శాతం తక్కువ ఉంది. ఈ రెండు నెలలూ దుకాణపోళ్లు అలా చేయొచ్చు. టిఫిన్ తర్వాత ఇంట్లోనే వరండా, హాలు. మధ్యాహ్నం అన్నం తర్వాత దుకాణం వెనక గల్లీ, అప్పుడు గాలి ఎలాగూ బాగుంటుంది. రాత్రి మళ్లీ ఇంట్లో. రోడ్డు వైపు కిటికీలు పొద్దున 9 దాకా మూసి ఉంచి, ఆ తర్వాత తెరవండి. గుండె జబ్బు ఉన్న మనిషి పడుకునే గదికి హెపా ప్యూరిఫైయర్ పెట్టే స్తోమత ఉంటే 12×12 అడుగుల గది, పదడుగుల ఎత్తుకి గంటకి 200 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (శుభ్రమైన గాలి ఇచ్చే సామర్థ్యం) ఉన్నది సరిపోతుంది. తలుపు తెరిచి పెడితే మాత్రం కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు.